బ్యాటరీ నోటికి బొట్టు

నాకు ముక్కు మీదే కోపం. వాసనలు కూడా ఆ ముక్కుకే ముందు తగులుతాయి. మా ఆయన ధర్మారావు బ్యాంకులో పని చేస్తారు, నెమ్మదైన మనిషి. "విశాలాక్షీ, పక్కింటివాళ్ల పోపు సంగతి నీకెందుకు" అని వెక్కిరిస్తుంటారు. కిందటేడు దీపావళి ముందు ఆ ముక్కుకి నిజంగా పని పడింది. అది చెప్పాలంటే ముందు ఆగయ్య గురించి చెప్పాలి.

సూరత్‌లో తాపీ నదికి ఇవతల, అడాజన్ ఫ్లాట్లలో ఉండే తెలుగువాళ్లలో ఆగయ్యను ఎరగనివాళ్లు తక్కువ. కర్టెన్ కడ్డీలు బిగించడం, గోడకి అలమరాలు తగిలించడం, బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టడం అతని పని. చేతిలో వైరు లేని డ్రిల్లు ఒకటి, దానికి రెండు బ్యాటరీలు, ఒక సంచీ. నలభై అయిదేళ్లుంటాయి. జగిత్యాల దగ్గర పల్లె. పద్దెనిమిదో ఏట సూరత్ పక్కనున్న కడోదరాకి వచ్చి, ఇరవై ఏళ్లు పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి, కుడి చెవి అక్కడే పోగొట్టుకుని బయటపడ్డాడు. మాట్లాడేటప్పుడు ఎడమ చెవి మన వైపు తిప్పుతాడు. కొత్తవాళ్లు అతనికి పొగరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నాలుగేళ్ల కిందట మాకు ఇక్కడికి బదిలీ అయినప్పుడు కడ్డీలు బిగించడానికి మొదటిసారి వచ్చాడు. ఒక కన్నం వేశాడు, నిచ్చెన దిగాడు, డ్రిల్లు అడుగున ఉన్న బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాడు. "పట్టా దించిన" అన్నాడు. అని, ముఖం పక్కకి తిప్పి నిలబడ్డాడు. నేను పప్పులో పోపు పెట్టాలన్న తొందరలో ఉన్నాను. రెండోసారి అన్నాడు. "పట్టా దించిన."

"దించితే దించావులే. నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

"చూసిన అనుండ్రి అమ్మా."

"ఏం చూడాలి?"

"బ్యాటరీ తీసిన్నా లేదా చూడాలె. చూసి, చూసిన అనాలె. అప్పుడు బిట్టు మారుస్త."

నాకు ఒళ్లు మండింది. డబ్బిచ్చి పిలిచిన పనికి నేను హాజరు చెప్పాలా? అయినా ఆ మనిషి కదలడే. వెళ్లి చూశాను. బ్యాటరీ నేల మీద ఉంది. "చూశాను, చాలా?" అన్నాను. అప్పుడు బిట్టు విప్పి, లావుది బిగించి, బ్యాటరీ తొడిగి, మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఆ రోజు మూడు గదుల్లో తొమ్మిదిసార్లు నన్ను వంటింట్లోంచి లాగాడు. తొమ్మిదోసారికి నా కోపం పోయి, దాని చోట ఏమిటీ పిచ్చి అన్న కుతూహలం వచ్చి కూర్చుంది. మజ్జిగ ఇచ్చి అడిగాను.

"మగ్గం తిరగాలంటె మోటరు కాడికెళ్లి పట్టా ఉంటది గద. బెల్టు. పోగు తెగితె లోపల చెయ్యి పెట్టాలె. చెయ్యి పెట్టేముందల పట్టా దించాలె. లేకుంటె మధ్యల కరెంటు పోయి మల్ల వస్తె చెయ్యి లోపట్నే ఉంటది."

"సరే. మరి అరవడం ఎందుకు?"

"మాది ఎనిమిది మంది తెలుగోళ్ల కార్ఖానా. ఆ మోతల ఏం ఇనవడది. ఒగలు పట్టా దించిన అని చెవుల చెప్తె, పక్కోడు కండ్లతోని చూసి చూసిన అనాలె. మాకు మేమే పెట్టుకున్న ఆన. ఒకనాడు మా బావ పరుశురాం దించిన అన్నడు. ఎవలు చూడలే. పట్టా సగమే దిగింది."

పరుశురాం కుడిచేతి రెండు వేళ్లు అక్కడే పోయాయి. ఇప్పుడు కిమ్ అనే ఊళ్లో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడట. ఆగయ్య మజ్జిగ గ్లాసు కడిగి పెట్టి లేచాడు. "దించినోనికి దించిననే అనిపిస్తది అమ్మా. చూసెటోడు వేరె ఉండాలె" అన్నాడు.

ఆ తరవాత అతను వస్తే నా పనులన్నీ వాయిదా. ఓ కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. చూసేకొద్దీ ప్రశ్నలు పుట్టేవి. నిచ్చెన ఎక్కేముందు మెడలో తువ్వాలు తీసి ఎందుకు మడిచి పెడతాడు? తిరిగే బిట్టు తువ్వాలు అంచు అందుకుందంటే మెడ దాకా చుట్టుకు వస్తుందట. "చేతికి తొడుగులైనా వేసుకోవచ్చుగా" అన్నాను తెలివిగా. అవీ చుట్టుకుంటాయట, డ్రిల్లుకి ఉత్త చేతులే మేలట. కళ్లకి మాత్రం అద్దాలు, ఉన్న ఒక్క చెవిలో స్పంజి బిరడా. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా కన్నం వెయ్యమంటే చచ్చినా వెయ్యడు. వైరు ఆ దారినే వెళుతుందని అతని లెక్క. మా ఆయన ఒకసారి దేవుడి పటానికి సరిగ్గా అక్కడే కన్నం కావాలన్నారు. "దేవుణ్ణి జర పక్కకు జరుపుండ్రి సారు" అన్నాడు ఆగయ్య. ఆ పటం ఇప్పటికీ జానెడు పక్కనే ఉంది.

బ్యాటరీల విషయంలో అయితే పసిపిల్లల్ని చూసుకున్నట్టే. మేకులున్న సంచిలో వాటిని వెయ్యడు, వేరే డబ్బా. మేకు అడ్డం పడితే బ్యాటరీలో ఉన్న రెండు రేకులూ కలిసి నిప్పు పుడుతుందంటాడు. పనిచేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జింగులో పెట్టడు. నీడలో చల్లారనిచ్చి, చేత్తో తాకి చూసి అప్పుడు పెడతాడు. అదీ మెలకువగా ఉన్నప్పుడే, కళ్ల ముందే. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లాక డ్రిల్లు గాలిరంధ్రాల్లో సిమెంటు దుమ్ము బ్రష్‌తో దులుపుతాడు. "అన్నం తిననన్న తింట గని దుమ్ము దులుపకుంట పండుకోను" అన్నాడొకసారి. ఇంత జాగ్రత్త మనిషి బ్యాటరీయే కాలిందంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్మలేదు, నా కళ్లెదుటే కాలినా.

దసరా వెళ్లిన వారానికి అది జరిగింది. దీపావళి ముందు ఇక్కడ ఇల్లిల్లూ దులుపుతారు, కర్టెన్లు మారుస్తారు. మా సొసైటీలో పదకొండు ఇళ్ల పని ఒప్పుకున్నాడు ఆగయ్య. మొదట మా ఇల్లు. హాల్లో కాంక్రీటు దూలానికి మూడో కన్నం వేస్తున్నాడు. నేను కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఉన్నట్టుండి మాడిన వాసన. పోపు మాడిందనుకుని వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి వెలిగించనే లేదు, గిన్నెలు బోర్లించే ఉన్నాయి. వెనక్కి వచ్చేసరికి డ్రిల్లు అడుగు నుంచి పొగ.

ఆగయ్య కంగారు పడలేదు. మీట వదిలాడు, నిచ్చెన దిగాడు, తువ్వాలుతో పట్టుకుని బ్యాటరీ ఊడదీశాడు. "అమ్మా, రాయి ఏమన్న ఉన్నదా, కాలనిది?" అన్నాడు. మా బాల్కనీలో అత్తగారి రుబ్బురోలు ఉంది. తెనాలి నుంచి లారీలో మోయించుకొచ్చి ఒక్కనాడూ రుబ్బని రోలు. అందులో పెట్టాడు. చుట్టూ ఉన్న బట్టలు, అట్టపెట్టెలు తీయించాడు. "పొద్దుగూకే దాంక ఎవలు దగ్గరకు పోవద్దు" అన్నాడు. బ్యాటరీ పేలలేదు, మంట రాలేదు. పొగ మాత్రం అయిదు నిమిషాలు వచ్చింది.

ఆ అయిదు నిమిషాలు చాలు. కిందినుంచి ఎవరో చూసి, నిప్పంటుకుందని ఆగ్ ఆగ్ అని అరిచారు. వాచ్‌మన్ లిఫ్ట్ ఆపేశాడు. మూడు బిల్డింగుల జనం పార్కింగులోకి దిగారు. సెక్రటరీ హస్ముఖ్‌భాయ్ తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. హస్ముఖ్ అంటే నవ్వు ముఖమట గానీ ఆ ముఖం మీద నవ్వు అప్పటిదాకా నేను చూడలేదు. రోలులోకి తొంగిచూసి, ఆగయ్య వైపు చూసి, "ఆదివారం మీటింగ్. అప్పటిదాకా నువ్వు గేటు లోపలికి రావద్దు" అన్నాడు.

"అసలేమైందో తెలుసుకోరా?" అన్నాను.

"విశాలాక్షీబెన్, తెలుసుకునేది ఏముంది? నాసి బ్యాటరీ, నాసి మనిషి" అన్నాడు.

నాసి మనిషట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. మర్నాడు గేటు అవతల బస్ స్టాపు దగ్గర ఆగయ్య కనిపించాడు. వల చుట్టలు బెంచీ మీద పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఈ గేటు మూసిండ్రంటె అడాజన్‌ల అన్ని గేట్లు మూస్తరు అమ్మా. సెక్రటరీలందరు ఒక్కతాన చాయ్ తాగుతరు. మల్ల మగ్గం మీదికే పోవాలె" అన్నాడు. ఎడమ చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. "డాక్టరు చెప్పిండు, మల్ల ఆ మోతల నిలబడితె ఇదీ పోతదని."

ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "అయితే కారణం వెతుకు. ఊరికే కూర్చుంటే ఎలా?" అని కసిరాను.

"రాత్రంత అదే ఆలోచన చేసిన. కింద పడెయ్యలే. ఎండల పెట్టలే. ఛార్జర్ దానిదే, వేరేది పెట్టలే. లోపల సెల్లు కాలిందంటె, కాలిన సెల్లు ఒక తీరు వాసనొస్తది, తియ్యగ, గొంతుల గీరుకుంటది. కార్ఖానల ఒకసారి చూసిన."

"తియ్యగా ఎక్కడుంది? పసుపు మాడిన వాసనొచ్చింది."

ఆగయ్య చెవి తిప్పాడు. "ఏందమ్మా?"

"పసుపు. పోపులో పసుపు ముందు వేసి మరిచిపోతే వస్తుందే, అది. నేను వంటింట్లోకి ఎందుకు పరిగెత్తాననుకున్నావు?"

నవ్వాడు. డ్రిల్లులో పసుపెందుకు ఉంటుందన్నాడు. ముప్ఫై ఏళ్లుగా పోపు పెడుతున్న ముక్కుని పట్టుకుని నవ్వుతాడా? "రేపొద్దున ఆ బ్యాటరీ తెస్తాను, చూద్దువుగాని" అన్నాను.

మర్నాటికి అది పూర్తిగా చల్లారింది. వాచ్‌మన్ చూడకుండా స్టీలు డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. మా ఆయన "దాన్ని ముట్టుకోకు" అన్నారు, అది మామూలే. ఆగయ్య కళ్లద్దాలు పెట్టుకుని బ్యాటరీని వెలుగులోకి తిప్పాడు. డ్రిల్లులోకి దూరే గాడిలో ఇత్తడి రేకులుంటాయి. ఒక రేకు చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లబడింది. పక్క రేకు మీద పచ్చగా చిలుము. లోపలి సెల్లు ఉన్న పెట్టెకి మాత్రం ఏమీ కాలేదు.

"సెల్లు కాదు. నోరు కాలింది" అన్నాడు నెమ్మదిగా.

సంచిలోంచి రెండో బ్యాటరీ తీశాడు. అది కాలలేదు. దాని గాడిలోకి వేలు పోదు, అందుకని అగ్గిపుల్ల పెట్టి గీకి, అరచేతిలో దులిపాడు. పసుపు రంగు పొడి, మధ్యలో ఎర్రటి పెళ్ల. వాసన చూశాను. పసుపు, కుంకుమ, ఏదో పులిసిన కొబ్బరి.

ఆగయ్య ఆ ఎర్రటి పెళ్లని వేలితో నలిపాడు. తరవాత "అవ్వ" అన్నాడు.

అవ్వ అంటే వాళ్లమ్మ, వెంకటవ్వ. ఊళ్లో బీడీలు చుట్టి కొడుకుని పెంచిన మనిషి. ఇప్పుడు కడోదరాలో కొడుకూ కోడలు ప్రమీలతో ఒకే గదిలో ఉంటుంది. దసరా నాడు పనిముట్లన్నీ పీట మీద వరసగా పెట్టించి, తడిపిన పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లుతుంది. పరుశురాం వేళ్లు పోయిన ఏడు ఊళ్లో మైల వచ్చి మగ్గాలకి పూజ చెయ్యలేదట. అందుకే అలా అయిందని ఆమె నమ్మకం. ఆ తరవాత ఒక్క దసరా తప్పనివ్వలేదు.

"బ్యాటరీలను పీట మీద పెట్టింది మొన్నటి దసరాకే" అన్నాడు ఆగయ్య. "అంతకుముందు డ్రిల్లొక్కదాన్నే పెడుతుంటి, ఇవి డబ్బల్నే ఉండేటివి. గీ బ్యాటరీ చూసి, బిడ్డా, దీనికి నోరు యాడుంది అని అడిగింది. కత్తెరకైనా మగ్గానికైనా తినే నోటికే బొట్టు పెడ్తది. నేనే చూపెట్టిన. గిదే నోరవ్వా, దీన్నుంచే కరెంటు తింటది, తినిపిస్తది అని. నా నోటితోని నేనే చెప్పిన."

"మరి రోజూ అంత దుమ్ము దులుపుతావే. అది కనపడలేదా?"

"కనవడ్డది. అవ్వ పెట్టిన బొట్టు తుడుస్తమా అమ్మా? దానంతట అదే రాలాలె."

నిజమే. మా ఇంట్లో ఫ్రిజ్ మీద నేను పెట్టిన బొట్టు సంక్రాంతి దాకా ఉంటుంది. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఆ తడి పసుపూ కొబ్బరినీళ్లూ రేకుల మధ్య ఎండి, చిలుము పట్టి, రేకూ రేకూ సరిగ్గా ఆనలేదు. మెత్తటి గోడల్లో నడిచిపోయింది. మా హాల్లో కాంక్రీటు దూలం తగిలేసరికి కరెంటు ఎక్కువ లాగింది, ఆనని చోట వేడి పుట్టి కరిగింది. ఇదంతా ఆగయ్యే అగ్గిపుల్లతో చూపిస్తూ చెప్పాడు. నాకు గెంతులెయ్యాలనిపించింది.

"ఇంకేం, ఆదివారం ఇదే చెప్పు" అన్నాను.

"చెప్పను."

"పిచ్చా నీకు?"

"అవ్వ బొట్టుతోని కాలిందని పదిమందిల చెప్పాల్నా? కడోదరాల తెలుగోళ్లున్నరు, గీడ తెలుగోళ్లున్నరు. ఆమె చెవుల పడకుంట ఉంటదా? నన్ను కాపాడెతందుకు పెట్టింది ఆమె. అదే నన్ను కాల్చిందని తెలిస్తె బతుకుతదా?"

చెడామడా తిట్టాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు. "చెవి పోతే మీ అవ్వ మాటైనా వినలేవు" అన్నాను. అనకూడని మాట. ఆగయ్య వలలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకూ నిద్ర లేదు. మా ఆయన "ఇంత ముక్కూ ఉండి అంత నోరెందుకే నీకు" అన్నారు.

ఆదివారం పొద్దున పార్కింగులో కుర్చీలు వేశారు. ఆగయ్యను గేటు లోపలికి రానిచ్చి ఒక పక్కన నిలబెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హస్ముఖ్‌భాయ్ అయిదు నిమిషాలు నిప్పు గురించి మాట్లాడి, బయటి మిషన్‌వాళ్లని మొత్తానికే ఆపేద్దామన్నాడు. చేతులెత్తమనబోతుంటే ఆగయ్య ముందుకొచ్చాడు. హిందీలో చెప్పాడు. నేను తెలుగులో చెబుతున్నాను.

"తప్పు బ్యాటరీది కాదు, నాది. దసరా నాడు పూజ చేసి, తడి పసుపు, కుంకుమ బ్యాటరీ నోట్లో నేనే పెట్టాను. కొబ్బరినీళ్లు నేనే చల్లాను. బొట్టు తుడవకూడదని వదిలేశాను. అందుకే కాలింది. ఇగో చూడండి."

రెండు బ్యాటరీలూ కుర్చీ మీద పెట్టాడు. వాళ్లమ్మ పేరు ఎక్కడా రానివ్వలేదు. అబద్ధం అంత సూటిగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఎవరైనా నవ్వుతారేమోనని నేను కాచుకుని కూర్చున్నాను, నవ్వినవాడి పని పడదామని. హస్ముఖ్‌భాయ్ బ్యాటరీ వంక చూస్తూనే ఉన్నాడు. తరవాత లేచి, వెనక వరసలో ఉన్న తన కరెంటు స్కూటరు దగ్గరికి నడిచాడు. ముందు భాగాన కుంకుమ స్వస్తిక్, ఎండిన బంతిపూల దండ. వంగి, ఛార్జింగ్ వైరు పెట్టే చోట మూత తీశాడు. లోపల ఎర్రగా కుంకుమ, రెండు బియ్యం గింజలు. వాళ్లావిడ కాంచన్‌బెన్ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్రోలు స్కూటరుకి పెట్రోలు పోసే చోట పెట్టేదాన్ని. ఇదీ అంతే అనుకున్నాను" అంది గుజరాతీలో.

ఇక కుర్చీల్లో ఎవరూ మిగల్లేదు. ఎవరి స్కూటరు దగ్గరికి వాళ్లు వెళ్లి మూతలు తీస్తున్నారు. ఒకరిది శుభ్రంగా ఉంది, ఒకరి దాంట్లో అక్షింతలు. మా ఆయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, "మన లాప్‌టాప్‌కి బొట్టు ఎక్కడ పెట్టావు?" అన్నారు. నేను తలెత్తి మా ఫ్లాటు వైపు చూశాను. ఎక్కడ పెట్టానో నాకు బాగా గుర్తుంది.

హస్ముఖ్‌భాయ్ ఆగయ్యను పిలిచి, "దీన్ని శుభ్రం చెయ్యి" అన్నాడు. ఆగయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అది నా పని కాదు సేఠ్. అందులో ఎంత కరెంటు ఉందో నాకు తెలియదు. కంపెనీ మనిషిని పిలవండి. అప్పటిదాకా ఛార్జింగ్ పెట్టకండి. నా డ్రిల్లు నాకు తెలుసు, మీ స్కూటరు తెలియదు."

హస్ముఖ్‌భాయ్ అతని ముఖంలోకి కాసేపు చూశాడు. ఆ మాటకే అతను మెత్తబడ్డాడని నా అనుమానం. వచ్చి కుర్చీలో కూర్చుని, "ఇతన్ని ఆపేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. అప్పుడు నవ్వాడు. నవ్వితే పై వరసలో ఒక పన్ను లేదు.

కాలిన బ్యాటరీని ఆగయ్య చెత్తకుండీలో వెయ్యనివ్వలేదు. రేకులకి టేపు అంటించి, పాత బ్యాటరీలు తీసుకునే చోటికి తనే పట్టుకెళ్లి ఇచ్చాడు. కరిగిన గాడితో పనికిరాని డ్రిల్లు మార్చాడు. దీపావళి లోపల పదకొండు ఇళ్లూ పూర్తి చేశాడు. ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు "చూసిన" అనే మాట వచ్చు. కాంచన్‌బెన్ అయితే "చూసినా, చూసినా" అని రెండుసార్లు అంటుంది. నేను బస్ స్టాపు దగ్గర అన్న మాటకి ఆగయ్యకి క్షమాపణ చెప్పబోయాను. కుడి చెవి తిప్పి నిలబడ్డాడు. వినదలుచుకోలేదని అర్థమై మజ్జిగ తెచ్చి ఇచ్చాను.

ఈ ఏడు దసరాకి నన్నూ మా ఆయన్నీ కడోదరాకి పిలిచాడు. ఇరుకు సందు, అటూ ఇటూ మగ్గాల చప్పుడు, ఆ మధ్య వాళ్ల గది. పీట మీద కత్తెర, సుత్తి, రసమట్టం, కొత్త డ్రిల్లు, రెండు బ్యాటరీలు. బ్యాటరీల నోళ్లకి ప్లాస్టిక్ మూతలు బిగించి ఉన్నాయి. వెంకటవ్వ పసుపు గిన్నెతో కూర్చుంది. సన్నటి మనిషి, బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి వంకర తిరిగిన బొటనవేలు.

బ్యాటరీ ఎందుకు కాలిందో ఏడాదిగా ఆగయ్య తల్లికి చెప్పలేదని నాకు తెలుసు. అందుకే ఏం చేస్తాడా అని చూస్తున్నాను.

"అవ్వా, కంపెనీ వాళ్లు కొత్తగ చెప్పిండ్రు. దీని నోరు అది కాదంట. చెయ్యి పట్టే జాగనే దీని ముఖమంట" అన్నాడు ఆగయ్య, గోడ వైపు చూస్తూ.

"గట్లనా" అంది వెంకటవ్వ. డ్రిల్లు పిడి వెనక భాగాన వేలి కొనతో చిన్న బొట్టు పెట్టింది. ఆరేదాకా చూసింది. కొబ్బరికాయ కొట్టి, నీళ్లు చల్లకుండా గిన్నెలో పట్టి పక్కన పెట్టింది. ఆగయ్య ప్రసాదం పళ్లెం తేవడానికి బయట పొయ్యి దగ్గరున్న ప్రమీల దగ్గరికి వెళ్లాడు.

వెంకటవ్వ నా వైపు జరిగింది. "కంపెనోళ్లు చెప్పిండ్రంట" అంది, నవ్వు ఆపుకుంటూ. "పోయినేడు మీ ఇంట్ల పొగొచ్చిన వారానికి, వీడు పొద్దంత కూసోని సీసల మందు దూదికి అద్ది, రెండో బ్యాటరీ నోట్ల తుడిసిండు బిడ్డా. ఆ దూది ఊడ్సింది నేనే. పచ్చగున్నది. పసుపు నాకు తెల్వదా?"

గుమ్మం వైపు చూశాను. ఆగయ్య ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాడు.

"మరి అడగలేదా?" అన్నాను గొంతు తగ్గించి.

"నాకు తెల్వద్దని అంత తిప్పలు పడవట్టె. నేను తెలుసంటె వాని కష్టమంత వట్టిగ పోదా?"

ఆగయ్య పళ్లెంతో లోపలికి వచ్చాడు. అది నేల మీద పెట్టి, డ్రిల్లు తీసి, బ్యాటరీ లేని ఖాళీ గాడిని తల్లి వైపు తిప్పి చూపించాడు. ప్రతి పనిముట్టూ పీట మీంచి సంచిలోకి వెళ్లేముందు వాళ్లింట్లో అది అలవాటట.

"అవ్వా, పట్టా దించిన" అన్నాడు.

వెంకటవ్వ ఆ గాడిలోకి చూడలేదు. కొడుకు ముఖంలోకే చూసింది.

"చూసిన బిడ్డా" అంది.